చక్రానికి ముందు చెయ్యి

కుండ గురించి మన బడుల్లో చెప్పే పాఠం ఎక్కడ విన్నా ఒకే వరుసలో నడుస్తుంది. మనిషి మొదట వేటాడాడు. తర్వాత వ్యవసాయం నేర్చుకున్నాడు. ఆ తర్వాత చక్రం కనిపెట్టి దాని మీద కుండలు చేశాడు, నాగరికుడయ్యాడు. ఇక హరప్పా, శాతవాహనులు, కాకతీయులు, గోల్కొండ సుల్తానులు వరుసగా వస్తారు. ఎక్కడో చివర ఒక వాక్యంలో గిరిజనులు కనబడతారు, అదీ ‘ఆదిమ’ అనే మాట పక్కన. నేను ఇబ్రహీంపట్నం ప్రాంతంలో పాఠాలు చెప్పే గోండు టీచర్ని. ట్రైనింగ్ కాలేజీలో మాకు నేర్పిందీ ఈ వరుసే.

ఈ వ్యాసంలో నేను విమర్శకు పెడుతున్నది ఆ వరుసనే. చక్రాన్ని కొలబద్దగా పెట్టుకుని మట్టిపని చరిత్రను కొలిస్తే రెండు జనాలు లెక్కలోంచి జారిపోతాయి: ఆడవాళ్ళు, ఆదివాసులు. ఎందుకంటే ఈ ఇద్దరి మట్టిపనీ ఎక్కువగా చేతితో జరిగింది. చేతిపని చక్రం కంటే ముందుది. ముందుది కాబట్టి వెనకబడింది అని పాఠం చెప్తుంది. ఇది నిజమా అన్నది మన పిల్లలకు సంబంధించిన ప్రశ్న. తన ఇంట్లో అవ్వ చేసే పనిని ‘ఆదిమ’ అని పుస్తకంలో చదివిన పిల్ల ఆ అవ్వను ఏ కళ్ళతో చూస్తుందో టీచర్లందరికీ తెలుసు.

మొదటి కుండ ఎవరిది?

ముందు లెక్క సరిచేద్దాం. ప్రపంచంలో ఇప్పటిదాకా దొరికిన అతి పాత కుండ పెంకులు చైనాలోని షియాన్‌రెన్‌డాంగ్ గుహలో దొరికాయి. వాటి వయసు సుమారు 20,000 ఏళ్ళు. అప్పటికి అక్కడ వ్యవసాయం లేదు. వేటాడి, దుంపలూ గింజలూ ఏరుకుని తిన్నవాళ్ళే ఆ కుండలు చేశారు. జపాన్‌లో జోమోన్ ప్రజలు కూడా వేట, చేపలు, అడవి కాయల మీద బతుకుతూనే వేల ఏళ్ళు చేతితో కుండలు చేశారు. కుమ్మరి సారె వచ్చింది సుమారు 6,000 ఏళ్ళ కిందట, పశ్చిమాసియాలో. అంటే కుండ చరిత్ర మొత్తం 20 గంటలు అనుకుంటే, మొదటి 14 గంటలు చేతివే. సారె చివరి ఆరు గంటల్లో వచ్చింది.

ఇంకో మాట. అమెరికా ఖండాల్లో యూరప్ వాళ్ళు అడుగుపెట్టేదాకా కుమ్మరి సారె లేదు. అయినా పెరూలోని మోచే ప్రజలు మనిషి ముఖాన్ని పోలికలతో సహా కుండ మీద నిలబెట్టారు. మాయా ప్రజలు రంగుల బొమ్మలతో పాత్రలు చేశారు. సారె లేకపోవడం అక్కడ ఎవరి చేతినీ ఆపలేదు. చక్రం వస్తేనే నాగరికత అనే సూత్రం ఒక ఖండానికి ఖండాన్నే వదిలేస్తే, ఆ సూత్రాన్ని అనుమానించాల్సిందే.

మన దగ్గరికి వద్దాం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో మక్తల్ వైపు ఒక ఉట్నూర్ ఉంది. మన ఆదిలాబాద్ ఉట్నూర్ వేరు, ఇది వేరు. అక్కడి బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు తవ్వాడు. అది కొత్తరాతి యుగపు పశువుల దొడ్డి. పేడ పేరుకుని, మళ్ళీ మళ్ళీ కాలి దిబ్బ అయింది. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన ఆ చోట దొరికిన కుండలు ఎక్కువగా చేతితో చేసినవే. తెలంగాణ నేల మీద కుండ చరిత్ర ఏ రాజుతోనూ మొదలు కాలేదు, పశువులు కాచుకున్న మనుషులతో మొదలైంది.

ఆ తర్వాత ఇనుప యుగం. హైదరాబాద్ చుట్టుపక్కల మౌలాలి, హష్మత్‌పేట లాంటి చోట్ల పెద్ద బండలతో కట్టిన సమాధులు బయటపడ్డాయి. వాటిలో చనిపోయినవాళ్ళతో పాటు పాత్రలు పెట్టారు. ఆ పాత్రలు లోపలా, అంచు దగ్గరా నల్లగా, బయట ఎర్రగా ఉంటాయి. ఒకే మట్టి, రెండు రంగులు. ఇది తెలివైన పని. మట్టిలో ఇనుము ఉంటుంది. కాల్చేటప్పుడు గాలి బాగా తగిలిన చోట అది ఎర్రబడుతుంది. గాలి అందక పొగ పట్టిన చోట నల్లబడుతుంది. కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి పోదు. రసాయన శాస్త్రం పుస్తకం రాకముందే ఈ సంగతి చేతికి తెలుసు.

ఖమ్మం, భద్రాద్రి వైపు ఇలాంటి సమాధులను జనం ‘రాక్షస గుళ్ళు’ అంటారు. అంత పెద్ద బండలు మామూలు మనుషులు ఎత్తలేరని ఆ పేరు పెట్టి ఉంటారు. కానీ ఆ పేరు వెనక ఒక అలవాటు ఉంది. మనకు తెలియని పాతవాళ్ళు ఎవరైనా రాక్షసులే. ఆ సమాధులు ఫలానా తెగవి అని మన పేరు రాసుకోవడం కూడా న్యాయం కాదు, పెంకు మీద తెగ పేరు ఉండదు. అయితే వాళ్ళు రాక్షసులు కారు, మనుషులు, తమ చచ్చినవాళ్ళకు తిండి కుండ పెట్టి పంపిన మనుషులు అని మాత్రం పిల్లలకు చెప్పగలం.

సారె మీద సగం, చేతిలో సగం

సారెను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. సారె గొప్ప పనిముట్టు. ఒక రోజులో చేతితో అయ్యే కుండల కంటే సారె మీద ఎన్నో రెట్లు ఎక్కువ అవుతాయి. కానీ మన కుమ్మరి ఇంట్లో కూర్చుని ఒక అన్నం కుండ పుట్టడం మొదటి నుంచి చివరిదాకా చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. సారె మీద కుండ మూతి, మెడ, పక్కలు మాత్రమే తేలుతాయి. గుండ్రటి అడుగు సారె మీద రాదు. కుండ కొంచెం ఆరాక ఒళ్ళో పెట్టుకుని, లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో తడుతూ తడుతూ అడుగును పలచగా సాగదీసి మూస్తారు. ఆ దెబ్బ ఎంత బలంగా పడాలో చేతికే తెలియాలి. అంటే మనం ‘సారె కుండ’ అనుకునేది సగం చేతి కుండే.

ఆ సగంలో ఆడవాళ్ళ పని ఇంకా ఉంది. మట్టి తేవడం, దంచడం, జల్లించడం, నానబెట్టి తొక్కడం, ఆరబెట్టడం, వాముకు కట్టెలూ పిడకలూ చేర్చడం, సంతకు మోయడం, అమ్మడం. పెళ్ళికి ఐరేని కుండల మీద రంగులు పూయడం. చాలాచోట్ల ఇన్ని చేసే ఆడమనిషిని సారె మాత్రం ముట్టనివ్వరు. సారె తిప్పినవాడే కుమ్మరి అని లోకం లెక్క. కాబట్టి సారెను కొలబద్దగా పెట్టడం అంటే ఇంటి లోపలి అన్యాయాన్ని కూడా చరిత్రగా రాసుకోవడమే.

పేరు ఎవరికి మిగిలింది?

సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940ల్లో యజ్దానీ తవ్వకాలు జరిపించాడు. శాతవాహనుల కాలపు ఇళ్ళు, నాణేలు, కాల్చిన మట్టి బొమ్మలు, తెల్లమట్టి బొమ్మలు దొరికాయి. అక్కడ మ్యూజియం ఉంది, పిల్లల్ని తీసుకుపోవచ్చు. హైదరాబాద్ పాతబస్తీలో బాద్‌షాహీ ఆషుర్‌ఖానా గోడల మీద 1611 నాటి రంగు పలకలు ఇప్పటికీ మెరుస్తాయి. కాల్చిన మట్టి మీద గాజు పూత పూసి మళ్ళీ కాల్చిన పని అది. రెండు చోట్లా మనకు రాజు పేరు తెలుసు, వంశం తెలుసు, తవ్వినవాళ్ళ పేరు తెలుసు. మట్టి పిసికిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు.

సాహిత్యంలో కుమ్మరి పేర్లు కొన్ని నిలిచాయి కదా అని అడగొచ్చు. నిలిచాయి. పాల్కురికి సోమన బసవపురాణంలో కుమ్మరి గుండయ్య ఉన్నాడు. తిరుమల కథల్లో కుమ్మరి భీముడు ఉన్నాడు. ఆతుకూరి మొల్లను లోకం కుమ్మరి మొల్ల అనే పిలుస్తుంది. కానీ గమనించండి. గుండయ్య, భీముడు నిలిచింది భక్తి వల్ల. మొల్ల నిలిచింది రామాయణం రాసినందువల్ల. మంచి కుండ చేసినందుకు గుర్తున్న పేరు వీటిలో ఒక్కటీ లేదు. కుమ్మరికొక యేడు, గుదియకొక పెట్టు అని సామెత. ఏడాది పని ఒక్క దెబ్బకు పోతుందని దాని అర్థం. పని చేసినవాళ్ళ పేరు పోవడానికి ఆ ఒక్క దెబ్బ కూడా అక్కర్లేకపోయింది.

సిరికొండ నుంచి కేస్లాపూర్‌దాకా

ఇప్పుడు మన గూడేల సంగతి. ఇక్కడ నిజం సూటిగా చెప్పుకోవాలి. గోండులు, కోయలు, చెంచులు సారె తిప్పిన జాతులు కారు. కుండ కావాలంటే కుమ్మరి దగ్గర తెచ్చుకున్నారు, బదులు గింజలో అడవి సరుకో ఇచ్చారు. నీళ్ళు మోయడానికి సొరకాయ బుర్ర ఉండేది. కుమ్మరి విద్య కుమ్మరులదే, అందులో మనం వాటా అడగడం తప్పు. అయితే కుండ చరిత్ర అంటే చేసినవాడి చరిత్ర ఒక్కటే అనుకుంటేనే మనకు చోటు లేకుండా పోతుంది. అడిగినవాళ్ళు, వాడినవాళ్ళు, ఆ కుండను దేవుడి ముందు పెట్టినవాళ్ళు కూడా ఆ చరిత్రలో ఉన్నారు.

దీనికి కేస్లాపూర్ నాగోబా జాతర కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. పుష్య మాసపు అమావాస్యకు జరిగే ఈ పూజ మెస్రం వంశం వాళ్ళది. జాతరకు ముందు మెస్రం పెద్దలు సిరికొండకు పోయి అక్కడి కుమ్మరి ఇంట్లో కుండలు చేయమని చెప్పి వస్తారు. తరతరాలుగా అదే ఊరు, అదే కుమ్మరి వంశం. జాతరలో మెస్రం ఇంటి ఆడబిడ్డలు, అల్లుళ్ళు కోనేటి నీళ్ళు ఆ కుండల్లో తెచ్చి, మన్ను కలిపి, చేతులతో పుట్టలు కడతారు. 2022లో మెస్రం వాళ్ళు సొంత చందాలతో కొత్త రాతి గుడి కట్టుకున్నారు. గుడి రాతిది అయింది, కుండ మాత్రం మట్టిదే, సిరికొండదే.

ఇందులో రెండు రకాల మట్టిపని ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఒకటి బీసీ కుమ్మరి సారె మీద చేసిన కుండ. రెండోది ఆదివాసీ ఆడబిడ్డ చేత్తో కట్టిన పుట్ట. మొదటిదాన్ని ‘హస్తకళ’ అంటారు, రెండోదాన్ని ‘ఆచారం’ అంటారు. రెండూ మట్టిపనులే. ఇలాంటి బంధం ఇక్కడే కాదు, రాజస్థాన్‌లోనూ ఉంది. మోలెలా ఊరి కుమ్మరులు మట్టి పలకల మీద దేవతల బొమ్మలు చేస్తారు, దూరపు ఊళ్ళ నుంచి భిల్లులు వచ్చి వాటిని మోసుకుపోయి తమ గుడుల్లో నిలుపుకుంటారు. కొనేవాళ్ళ నమ్మకం లేకుండా ఆ కళ లేదు.

మన ఇళ్ళలో ఆడవాళ్ళ మట్టిపని ఇంకా చాలా ఉంది. పొయ్యి వేయడం, తడిక మీద మట్టి మెత్తి గోడ లేపడం, గింజలు పోసే గుమ్మికి పేడా మట్టీ పూయడం. పొయ్యి ఎత్తు ఎంత ఉండాలో, పగలకుండా మట్టిలో ఏం కలపాలో వాళ్ళకు తెలుసు. నిప్పుల్లో కాల్చలేదు కాబట్టి ఇది కుమ్మరి పని లెక్కలోకి రాదు, మ్యూజియంలోకీ రాదు. ఇంకోటి చూడండి. జైనూర్ మండలం ఉషెగావ్‌లో ఓజాలు పోతపోసే ఇత్తడి బొమ్మలకు 2018లో ఆదిలాబాద్ డోక్రా పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ బొమ్మ లోపల మట్టి ముద్ద, దాని మీద మైనం దారాలు, మళ్ళీ పైన మట్టి పొర. వేడికి మైనం కరిగిపోయిన చోటులో ఇత్తడి నిండుతుంది. చివరికి పై మట్టిని పగలగొడతారు. మనం ఇత్తడినే చూస్తాం. అచ్చు పట్టింది మట్టి.

సంతకం పెట్టిన చేతులు

చేతి కుండకూ, ఆదివాసీ చేతికీ పేరు రాదా? వచ్చింది, వేరే దేశాల్లో. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలోని సాన్ ఇల్డెఫోన్సో అనే ఆదివాసీ ఊరి స్త్రీ మరియా మార్టినెజ్. తవ్వకాల్లో దొరికిన తమ పూర్వీకుల కుండ పెంకులు చూసి, ఆ పనిని మళ్ళీ నిలబెట్టింది. సారె లేదు. మట్టిని తాడులా పేని, చుట్టలు చుట్టలుగా పేర్చి, రాయితో నున్నగా రుద్దడమే. కాల్చేటప్పుడు మంట మీద ఎండుపేడ పొడి కప్పి గాలి ఆపి నల్లబరిచేది. మన బండ సమాధుల పాత్రల రహస్యమే అది. భర్త జూలియన్ బొమ్మలు గీసేవాడు. తర్వాత తన కుండల మీద ఆమె పేరు రాయడం మొదలుపెట్టింది. 1980లో చనిపోయేనాటికి ఆ పేరు ప్రపంచమంతా తెలుసు.

నైజీరియాలో లాడీ క్వాలీ అనే స్త్రీ చిన్నప్పుడు తన మేనత్త దగ్గర ఇలాగే చేతి కుండలు నేర్చుకుంది. కుండను తిప్పకుండా తానే కుండ చుట్టూ తిరుగుతూ చేసేది. 1954లో అబుజా కుమ్మరి శిక్షణ కేంద్రంలో చేరిన మొదటి స్త్రీ ఆమె. ఇప్పుడు ఆ దేశపు 20 నైరాల నోటు మీద ఆమె బొమ్మ ఉంది. మన దేశంలోనే మణిపూర్‌లో ఉఖ్రుల్ జిల్లా లొంగ్పీ ఊళ్ళో తంగ్‌ఖుల్ నాగాలు రాతి పొడి, మట్టి కలిపి, సారె లేకుండా నల్ల పాత్రలు చేస్తారు. కాల్చి తీసిన వేడి మీదే ఆకులతో రుద్ది మెరుగు తెస్తారు. ఢిల్లీ, బెంగళూరు దుకాణాల్లో అవి మంచి ధరకు పోతున్నాయి. ఇవేవీ దయతో ఇచ్చిన గౌరవాలు కావు. పని బలం, దానికి తోడు చేసినవాళ్ళ పేరు బయటికి రావడం.

మన దగ్గర జరుగుతున్నది వేరు. నగరంలోని హస్తకళల మేళాల్లో ‘ట్రైబల్ పాట్’ అని అమ్మేవాటిని దగ్గరికి పోయి చూడండి. సారె మీద చేసిన మామూలు కుండకు యాక్రిలిక్ రంగు వేసి, దాని మీద తెల్లగా వర్లీ బొమ్మలు గీస్తారు. వర్లీలు మహారాష్ట్ర, గుజరాత్ వైపు ఆదివాసులు. వాళ్ళు బియ్యప్పిండితో గోడ మీద రాసిన బొమ్మ అది, పెళ్ళి దినాన రాసేది. కుండ వర్లీలది కాదు, గీసిన చెయ్యి వర్లీలది కాదు, తెలంగాణ గూడేలతో దానికి ఏ సంబంధమూ లేదు. కుమ్మరి పేరు లేదు, వర్లీ పేరు లేదు, ‘ట్రైబల్’ అనే ధర చీటీ మాత్రం ఉంది. చరిత్ర పుస్తకం మనల్ని ‘ఆదిమ’ అని చివర పెట్టింది. మార్కెట్ అదే మాటను ముందు పెట్టి అమ్ముతోంది. రెంటిలోనూ మనిషి లేడు.

ప్రభుత్వ పథకాలకూ ఒక మాట. కరెంటు సారెలు పంచడం మంచిదే, నడుము నొప్పి తగ్గుతుంది. కానీ నగరం పెరుగుతున్న కొద్దీ చెరువు అంచులు ప్లాట్లవుతుంటే మట్టి ఎక్కడ తవ్వాలి? వాముకు కట్టె ఎక్కడిది? సారె ఇచ్చి మట్టి గురించి అడగకపోవడం కూడా చక్రాన్నే చూసే చూపు. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కుతుబ్‌షాహీల నాటిది. చెరువుకు నీళ్ళు, చేపలు, ఆయకట్టు లెక్కలున్నాయి. మట్టికి కూడా హక్కుదారులు ఉన్నారన్న లెక్క ఉండాలి.

పాత కుండను నెత్తిన పెట్టుకుని ఊరేగమని నేను అనడం లేదు. బరువైన నీళ్ళకుండ మోసింది మన అమ్మలే. స్టీలు బిందె, ప్లాస్టిక్ కడవ వచ్చి వాళ్ళ మెడకు కొంత విశ్రాంతి ఇచ్చాయి. అది మేలే. మట్టి చదువు వెనక్కి పోవడం కాదని కూడా మన యువత తెలుసుకోవాలి. సిరామిక్ అంటే కాల్చిన మట్టి నుంచి ఎదిగిన శాస్త్రం. ఇదే రంగారెడ్డి జిల్లా బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే కేంద్ర పరిశోధన సంస్థలో కొత్త సిరామిక్ పదార్థాల మీద పని జరుగుతోంది. హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే యురేనియం ఇంధనపు బిళ్ళలు కూడా సిరామిక్కే. మట్టికి ఎంత వేడి, ఎంత గాలి అన్న పాత ప్రశ్నే అక్కడ పెద్ద యంత్రాల మధ్య అడుగుతున్నారు. ఆ ప్రశ్న అడిగే హక్కు, ఆ చదువు చదివే హక్కు మన పిల్లలకూ ఉంది.

క్లాసులో ఏం చేయొచ్చు

టీచర్ మిత్రులకు నా సూచన చిన్నది. కుండ పాఠం వచ్చినప్పుడు చక్రం బొమ్మతో మొదలుపెట్టొద్దు. ఒక పెంకు ముక్క పిల్లల చేతికి ఇవ్వండి. నాలుగు ప్రశ్నలు వేయించండి. ఈ మట్టి ఎక్కడిది? ఎవరి చేతులు పనిచేశాయి, అందులో ఆడవాళ్ళు ఏం చేశారు? ఎవరు అడిగితే, దేనికోసం చేశారు? చేసినవాళ్ళ పేరు ఏది? లోపల నల్లగా, బయట ఎర్రగా ఎందుకుందో సైన్స్ పిరియడ్‌లో చెప్పండి. దగ్గర్లోని కుమ్మరి ఇంటికి తీసుకుపోయి, ఆయన పేరు, ఆయన భార్య పేరు, రెండూ నోటుబుక్కులో రాయించండి. ఇంటికి పోయి అవ్వను పొయ్యి ఎట్లా వేస్తుందో అడిగి రాసుకురమ్మనండి.

కుండల పేర్లు కూడా సేకరించండి. గురిగి, ముంత, పటువ, కాగు, అటిక, కంచుడు, లొట్టి. వీటితో పాటు గోండి, కొలామి, కోయ, లంబాడీ భాషల్లో ఏమంటారో పిల్లలే చెప్తారు, మనం రాసుకోవాలి. పాత్ర పోతే దాని పేరు ఒక తరం తర్వాత పోతుంది. తర్వాత ఆ పనిలో ఉన్న తెలివి మనది అని చెప్పుకోవడానికి మాట కూడా ఉండదు. ఇలా పది బడుల నోటుబుక్కులు ఒకచోట చేరితే మన ప్రాంతపు మట్టిపని చరిత్ర మొదటిసారి చేసినవాళ్ళ పేర్లతో తయారవుతుంది. అందులో కుమ్మరి ఉంటాడు, కుమ్మరి ఇల్లాలు ఉంటుంది, సిరికొండకు నడిచిపోయిన మెస్రం పెద్ద ఉంటాడు, పుట్ట కట్టిన ఆడబిడ్డ ఉంటుంది. ఆ పుస్తకం చదివిన పిల్లకు ‘ఆదిమ’ అనే మాట అక్కర ఉండదు.